తెరమీద కనపడని దెబ్బ

బేస్‌బాల్ ఆటలో బంతి బ్యాటును తాకి మళ్లీ వదిలి వెళ్లడానికి పట్టే కాలం సెకనులో దాదాపు వెయ్యో వంతు. అంతలోనే బంతి అణిగి చదునవుతుంది, ఆగుతుంది, దిశ మార్చుకుంటుంది, మళ్లీ బయల్దేరుతుంది. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఎడం సుమారు 42 మిల్లీసెకన్లు. అందులోనూ షటర్ తెరుచుకుని ఉండేది మామూలుగా సగం సేపే. మిగతా సగంలో షటర్ మూసుకుని ఉండగా ఫిల్ము ఒక ఫ్రేము కిందికి జరుగుతుంది. అంటే, సగటున కొట్టిన రెండు దెబ్బల్లో ఒకటి కెమెరా కన్ను మూసి ఉండగానే జరిగిపోతుంది. కన్ను తెరిచి ఉన్నప్పుడు పడ్డ దెబ్బ దొరికిందని సంబరపడటానికీ లేదు. ఆ ఫ్రేముకు వెలుగు తగిలిన 21 మిల్లీసెకన్లలో ఇరవై మిల్లీసెకన్లు బంతి వస్తూనో పోతూనో ఉంటుంది. తాకిన ఆ ఒక్క మిల్లీసెకను ఆ తెల్లటి చారలో ఎక్కడుందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అయినా సినిమాలో బ్యాటు బంతిని కొట్టడం మనం 'చూశాం' అనే అంటాం. చూశామని ప్రమాణం కూడా చేస్తాం. నిజానికి మనం విన్నాం. 'ఠప్' అని వినపడిన చోట కన్ను దెబ్బను తయారు చేసుకుంది. మరి సౌండ్ ట్రాక్ అసలే లేని మూకీలో, తెర పక్కన కూర్చుని ఒకరో ఇద్దరో అప్పటికప్పుడు వాయిస్తున్నప్పుడు ఆ దెబ్బ ఎక్కడ పుడుతుంది? వాయించేవాడి చేతిలో. ఈ అధ్యాయం ఆ చేతి గురించి.

దీన్ని తేల్చుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు, అమీర్‌పేట చాలు. మెట్రో దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే జావా, పైథాన్ బోర్డుల మధ్య ఎడిటింగ్, వీఎఫ్ఎక్స్, త్రీడీ యానిమేషన్ నేర్పుతామనే బోర్డులు కూడా కనిపిస్తాయి. కాస్త అటు వెళ్తే సారథి స్టూడియో. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామ ప్రసాద్ సారథి ఫిలిమ్స్ పేరుతో 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) తీయించిన సంగతి తెలిసిందే. ఆ సారథి పేరే తర్వాత హైదరాబాదులో స్టూడియోగా వెలిసింది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి'ని పూర్తిగా హైదరాబాదులో తీసిన తొలి తెలుగు చిత్రంగా చెప్తారు. అది ఈ స్టూడియోలోనే తయారైంది. ఆ వెనకే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ. జూనియర్ ఆర్టిస్టులు, డబ్బింగ్ గొంతులు, సౌండ్ అసిస్టెంట్లు, పెళ్లిళ్లకు వాయించే బ్యాండువాళ్లు, రిథమ్ ప్యాడ్ కళాకారులు, అందరూ ఆ గల్లీల్లోనే దొరుకుతారు.

ఇక్కడ ఎడిటింగ్ నేర్చుకుంటున్న నలుగురు కుర్రాళ్లు పది నిమిషాల మూకీ ఒకటి తీయాలనుకున్నారని ఊహించుకుందాం. కథ బేస్‌బాల్. సంగీతం కొత్తగా కట్టినది, సినిమా ఆడించినప్పుడల్లా ఎదురుగా కూర్చుని వాయించేది. బేస్‌బాల్ మనకెందుకంటారా? స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో ఆ ఆట ఉంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మనవళ్లు సెలవులకొచ్చినప్పుడు మాట్లాడేదీ దాని గురించే. ఇవన్నీ అలా ఉంచి, భౌతిక శాస్త్రం చెప్పడానికి క్రికెట్‌కన్నా బేస్‌బాల్ అనువైనది. ఇందులో బంతి పిచ్ తగిలి లేవదు. విసిరినవాడి చేతి నుంచి నేరుగా బ్యాటు దాకా వస్తుంది, లెక్క సులువు.

మూకీ హైదరాబాదుకు కొత్తేమీ కాదు. శాంతినికేతన్‌లో చదువుకున్న ధీరేంద్రనాథ్ గంగూలీ 1922 ప్రాంతంలో ఇక్కడికొచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. 'ఇంద్రజిత్', 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్' లాంటి మూకీలు తీశాడు. 1924లో 'రజియా బేగం' అనే బొంబాయి చిత్రాన్ని తన హాల్లో ఆడించాడు. ముస్లిం రాణి, హిందూ యువకుడి ప్రేమకథ అది. నిజాం ఆగ్రహించి ఊరు విడిచి పొమ్మన్నాడు. హైదరాబాదులో మూకీ పరిశ్రమ అక్కడితో ఆగిపోయింది. గంగూలీకి 1975లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది కానీ ఇక్కడ తీసిన ఆ సినిమాలు మనకు దక్కలేదు. దేశం మొత్తం మీద వెయ్యికి పైగా మూకీలు తీస్తే ఈనాడు చూడగలిగేవి పదుల్లోనే ఉన్నాయి. నైట్రేట్ ఫిల్ముకు నిప్పంటే ప్రీతి, తేమంటే అంతకన్నా ప్రీతి.

ఆ రోజుల్లో తెర పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. మధ్యలో వచ్చే అక్షరాల కార్డులను చదువురాని ప్రేక్షకులకు చదివి వినిపించే మనిషి ఉండేవాడు. శబ్దాన్ని యంత్రంతో జోడించే ప్రయత్నాలు కూడా మనవాళ్లు చేయకపోలేదు. 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) నిర్మించిన రఘుపతి వెంకయ్య, అంతకు పదేళ్ల ముందే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని ఊరూరా తిప్పాడు. ఒక వైపు ప్రొజెక్టర్, ఇంకో వైపు గ్రామఫోన్ రికార్డు, రెండూ ఒకే వేగంతో నడవాలి. ఫిల్ము ఒకచోట తెగి రెండు ఫ్రేములు కత్తిరించి అతికిస్తే అక్కడి నుంచి మాట మాటకూ పెదవి మాట వినదు. అలాంటి యంత్రం ఎన్ని తంటాలు పెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇదే పరిస్థితిలో హార్మోనియం వాయించే మనిషి మాత్రం ఒక్క క్షణం తెర వైపు చూసి సర్దుకుంటాడు. యంత్రం చేయలేనిది ఆ సర్దుబాటే.

వేగం అనగానే ఇంకో చిక్కు. మూకీ కెమెరాను చేత్తో తిప్పేవారు. ఒక చుట్టు తిప్పితే ఎనిమిది ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు, అంటే 16 ఫ్రేములు. ఇది లెక్క. ఆచరణలో చెయ్యి అలిసినా, సన్నివేశం వేడెక్కినా వేగం మారేది. హాల్లో ప్రొజెక్టర్ తిప్పేవాడి ఇష్టం అతనిది. ఆట త్వరగా ముగించాలనుకుంటే ఇంకాస్త జోరుగా తిప్పేవాడు. వెయ్యి అడుగుల 35 ఎంఎం రీలులో 16,000 ఫ్రేములుంటాయి. సెకనుకు 16 చొప్పున ఆడితే అది 16 నిమిషాల 40 సెకన్లు, 24 చొప్పున ఆడితే 11 నిమిషాల చిల్లర. అదే రీలు, అదే కథ, ఐదున్నర నిమిషాల తేడా! అందుకే ఆ కాలంలో ముందే రాసి పెట్టుకున్న సంగీతం కన్నా, చూస్తూ వాయించే సంగీతానికే గిరాకీ. 1908లోనే ఫ్రెంచి స్వరకర్త సాఁ-సాన్స్ ఒక చిత్రం కోసమే ప్రత్యేకంగా సంగీతం రాశాడు. అలాంటివి ఉన్నా అరుదు. 1920ల చివర్లో శబ్దం ఫిల్ముతో ముడిపడ్డాక వేగం 24 దగ్గర స్థిరపడింది. శబ్దానికి వేగం మారితే శ్రుతి మారుతుంది. అది చెవి ఒప్పుకోదు. కన్ను మాత్రం 16 నుంచి 24 దాకా ఎంతయినా ఒప్పేసుకుంటుంది.

కన్ను ఇంత సులువుగా ఎందుకు ఒప్పుకుంటుంది? బడి పుస్తకాల్లో దీనికి ఒక జవాబు ఉంది. చూసిన బొమ్మ రెటీనా మీద కాసేపు నిలిచి ఉంటుందనీ, తర్వాతి బొమ్మ దానిమీద అతుక్కుంటుందనీ. ఇది సగం కూడా నిజం కాదు. బొమ్మలు నిజంగా ఒకదానిమీద ఒకటి నిలిచిపోతే మనకు కదలిక బదులు అలికినట్టు కనిపించాలి. వెలుగు ఆరి వెలిగే మిణుకు తెలియకపోవడం వేరు సంగతి. దానికోసం ప్రొజెక్టర్ షటర్‌కు మూడు రెక్కలు పెట్టి ప్రతి ఫ్రేమునూ మూడుసార్లు మెరిపించేవారు. 16 ఫ్రేములకు 48 మెరుపులు. ఇక కదలిక అంటారా, అది పూర్తిగా మెదడు పని. 1912లో మాక్స్ వెర్తైమర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఎడంగా ఉన్న రెండు గీతలను సరైన వ్యవధిలో ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే చూసేవాళ్లకు గీత కదిలినట్టే అనిపిస్తుందని నిరూపించాడు. మధ్యలో ఏమీ లేదు. మెదడే పూరించింది.

ఆ పూరించడానికి హద్దులున్నాయి. బేస్‌బాల్ బంతి సరిగ్గా ఆ హద్దుల దగ్గరే ఎగురుతుంది. పిచర్ విసిరే చోటు నుంచి, బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ దాకా 18.44 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరితే బంతి అక్కడికి చేరడానికి సుమారు 0.4 సెకన్లు. 24 ఫ్రేముల కెమెరాకు చిక్కేది పదో పదకొండో బొమ్మలు, 16 ఫ్రేముల కెమెరాకు ఆరో ఏడో. ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు బంతి మీటరు ముప్పావు జరిగిపోతుంది. ఒక్క ఫ్రేము తెరిచి ఉన్న సేపట్లోనే 87 సెంటీమీటర్లు పోతుంది. బంతి వ్యాసం ఏడున్నర సెంటీమీటర్ల లోపే. కాబట్టి తెరమీద పడేది గుండ్రటి బంతి కాదు, తనకన్నా పదకొండు పన్నెండు రెట్లు పొడవైన బూడిద రంగు చార. దాని వెనక చెట్లో జనమో ఉంటే అదీ కనపడదు. అమీర్‌పేట సందుల్లో గోడలకు సున్నం తెల్లగా ఉంటుంది కనుక తెల్ల బంతి అసలే పనికిరాదు. మన కుర్రాళ్లు ఈ మొదటి ముక్క గుర్తుంచుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం.

1997లో 'నేచర్' పత్రికలో రాబర్ట్ సెకులర్, ఆలిసన్ సెకులర్, రెనీ లావ్ ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. తెర మీద రెండు చుక్కలు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు ఒకే వేగంతో కదులుతాయి. మధ్యలో కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. దీన్ని రెండు రకాలుగా చూడవచ్చు. చుక్కలు ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లిపోయాయి అనుకోవచ్చు, లేదా ఢీకొని వెనక్కి మళ్లాయి అనుకోవచ్చు. బొమ్మలో రెంటికీ తేడా ఏమీ లేదు. నిశ్శబ్దంగా చూపిస్తే ఎక్కువమంది దాటిపోయాయనే అన్నారు. కలిసే క్షణానికి దగ్గరగా ఒక్క చిన్న 'టిక్' వినిపించారు. అంతే, ఎక్కువసార్లు ఢీకొన్నట్టు కనపడింది! కంటికి అందే బొమ్మ ఒక్కటే, చెవిలో పడ్డ చప్పుడు కన్ను తీర్పును మార్చేసింది. తర్వాత 2000లో ల్యాదన్ షామ్స్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. ఒకే ఒక్క మెరుపు చూపిస్తూ రెండు బీప్‌లు వినిపిస్తే జనం రెండు మెరుపులు చూశామన్నారు.

ఇప్పుడు మన సినిమాలోని దెబ్బను ఈ వెలుగులో చూడండి. ఒక ఫ్రేములో చార ఎడమ నుంచి వస్తోంది. తర్వాతి ఫ్రేములో బ్యాటు కూడా చారే, బంతి దాని దగ్గరెక్కడో ఉంది. ఆ తర్వాతి ఫ్రేములో బంతి ఫ్రేములోనే లేదు. బొమ్మ ఇచ్చే సాక్ష్యం ఇంతే. తగిలిందో, తగలకుండా వెనక ఉన్న క్యాచర్ చేతిలోకి పోయిందో బొమ్మ చెప్పదు. సెకులర్ ప్రయోగంలో చుక్కలు ఉన్న స్థితి సరిగ్గా ఇదే. పక్కన కూర్చున్నవాడు డప్పు మీద చిర్రతో ఒక్కటిస్తే తగిలినట్టు, ఇవ్వకపోతే తప్పినట్టు. ఒకే షాటును రెండుసార్లు వాడి, ఒకసారి దెబ్బ వేసి ఇంకోసారి వేయకుండా ఉంటే ప్రేక్షకుడు రెండు వేర్వేరు ఘట్టాలు చూశానంటాడు. నమ్మకం లేకపోతే ఎడిటింగ్ తరగతిలోనే ప్రయత్నించి చూడండి.

బంతే లేకపోయినా పని జరుగుతుందని 1928లోనే బస్టర్ కీటన్ చూపించాడు. 'ది కెమెరామన్'లో అతను ఆట చిత్రీకరించడానికి న్యూయార్క్ యాంకీ స్టేడియానికి వెళ్తాడు. తీరా ఆ రోజు యాంకీలు వేరే ఊళ్లో ఆడుతున్నారు. మైదానం ఖాళీ. కెమెరా పక్కన పెట్టి, ఆ ఖాళీ మైదానంలో తనొక్కడే పిచర్‌గా మారతాడు. బేస్ మీద ఉన్న (లేని) ఆటగాడి వైపు ఓరగా చూస్తాడు, క్యాచర్ సైగకు వద్దని తల తిప్పుతాడు. ఆ తర్వాత తానే బ్యాటు పట్టి కొట్టి, బేసులన్నీ చుట్టి, దుమ్ములో జారి హోమ్ ప్లేట్ చేరతాడు. బంతి లేదు, బ్యాటు లేదు, రెండో మనిషి లేడు. అయినా బంతి ఎక్కడుందో మనకు ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటుంది. మూకీ కాలంలో బేబ్ రూత్ అంతటి ఆటగాడితోనే 'హెడిన్ హోమ్' (1920) తీశారు, వాలెస్ బీరీతో 'కేసీ ఎట్ ది బ్యాట్' (1927) తీశారు. నా మటుకు బేస్‌బాల్ సారమంతా కీటన్ చేసిన ఆ కాసేపట్లోనే ఉందంటాను. మన కుర్రాళ్ల దగ్గర బేస్‌బాల్ గ్లవ్‌లు కొనడానికి డబ్బుల్లేకపోతే దిగులు పడక్కర్లేదని కూడా అది చెప్తోంది.

సరే, దెబ్బ వాయించేవాడి చేతిలో ఉంది. ఆ చెయ్యి ఎప్పుడు పడాలి?

చప్పుడు బొమ్మకన్నా ముందొచ్చినా వెనకొచ్చినా కొంతవరకు మెదడు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు రెండు వైపులా సమానం కాదు. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కట్టిన లెక్క ప్రకారం చప్పుడు 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, తేడా తెలిసిపోతుంది. ఆలస్యమైతే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా తెలియదు. దీని వెనక కారణం అందరికీ అనుభవమే. వెలుగు ముందు, చప్పుడు వెనక. ఉప్పల్ స్టేడియంలో పై వరసలో కూర్చుంటే బ్యాటు ఆడిన తర్వాత చప్పుడు వినపడుతుంది. పుట్టినప్పటి నుంచీ ఆలస్యంగా వచ్చే చప్పుడుకు మెదడు అలవాటు పడింది. ముందొచ్చే చప్పుడును మాత్రం ప్రకృతి ఎక్కడా చూపించలేదు.

కాబట్టి డప్పు కళాకారుడికి ఉన్న గడువు చాలా చిన్నది. ఇప్పుడు అతని శరీరం సంగతి. కంటికి ఒకటి కనపడగానే చేత్తో స్పందించడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. తెర మీద బ్యాటు తగిలిందని చూసి అప్పుడు కొడితే 200 మిల్లీసెకన్లు ఆలస్యం. 125 గడువు ఎప్పుడో దాటిపోయింది, జనం నవ్వుతారు. పైగా హాలు కూడా కాస్త కలుపుకుంటుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. వాయించే చోటు నుంచి ముప్పై మీటర్ల వెనక ఉన్న సీటుకు చేరేసరికి ఇంకో 87 మిల్లీసెకన్లు. అమీర్‌పేటలో ఒకప్పటి సత్యం థియేటర్ స్థలంలో 2023 నుంచి మల్టీప్లెక్సు నడుస్తోంది. పాతకాలపు ఒంటి తెర హాళ్లతో పోలిస్తే ఇప్పటి చిన్న హాళ్లలో ఈ బాధ తక్కువ. మైకు పెట్టి వెనక స్పీకర్ల నుంచి కూడా వినిపిస్తే ఇంకా తక్కువ.

అందుకే వాయించేవాడు చూసి కొట్టకూడదు. ముందే ఊహించి కొట్టాలి. ఇక్కడే నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. నిజం ఆటలో బ్యాటు పట్టినవాడి ఇబ్బంది కూడా ఇదే. బంతికి 400 మిల్లీసెకన్లు, బ్యాటు తిప్పడానికే 150. బంతి సగం దారిలో ఉండగానే నిర్ణయం అయిపోవాలి. అందుకే అతను బంతిని కాదు, పిచర్ భుజాన్ని, మణికట్టును, వేళ్లను చదువుతాడు. డప్పు కళాకారుడూ అంతే. తెర మీద పిచర్ కాలు ఎత్తినప్పుడే అతని చిర్ర లేవాలి. మైదానంలో బ్యాటర్, తెర పక్కన డప్పు కళాకారుడు, ఇద్దరూ ఒకే బంతిని ఎదుర్కొంటున్నారు. ఒకరు తప్పితే స్ట్రయిక్, ఇంకొకరు తప్పితే సింక్ పోతుంది.

లయకు తగ్గట్టు ఊహించి కొట్టడంలో మనుషులకు ఒక చిత్రమైన అలవాటు ఉంది. మెట్రోనోమ్ టిక్కుతో పాటు వేలు కొట్టమంటే చాలామంది టిక్కు కన్నా కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే కొడతారు. తాము సరిగ్గా టిక్కుతోనే కొట్టామనుకుంటారు! సాధన చేసిన వాద్యకారుల్లో ఈ తొందర తక్కువే కానీ పూర్తిగా పోదు. పైన చెప్పిన లెక్కలో ముందొచ్చే చప్పుడుకే క్షమ తక్కువ కదా, ఈ తొందర సరిగ్గా అక్కడే దెబ్బ తీస్తుంది. హాలు వెనక్కి చేరేసరికి దూరం వల్ల పడే ఆలస్యం దాన్ని కొంత కప్పుతుంది. ముందు వరసలో కూర్చున్నవాడికి మాత్రం కప్పడానికి ఏమీ లేదు. మూకీకి వాయించేవాడు రిహార్సల్‌లో వెనక సీట్లో ఒకరిని, ముందు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి అడగడం మేలు.

హాలీవుడ్ రికార్డింగ్ థియేటర్లలో దీనికి ఒక ఉపాయం పుట్టింది. రావలసిన దెబ్బకు ముందు మూడడుగుల ఫిల్ము మీద ఏటవాలుగా ఒక గీత గీకుతారు. ప్రొజెక్టర్‌లో ఆడించినప్పుడు అది తెర మీద ఒక నిలువు గీతగా ఎడమ నుంచి కుడికి రెండు సెకన్ల పాటు జరుగుతుంది. చివర చేరగానే ఫిల్ముకు పొడిచిన రంధ్రం వల్ల ఒక మెరుపు. కండక్టర్ ఆ మెరుపును చూసి చెయ్యి దించడు. గీత ప్రయాణాన్ని చూసి, మెరుపు వచ్చే వేళకు తన చెయ్యీ దిగేలా చూసుకుంటాడు. ఇప్పుడు రీరికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లే ఆ గీతలను మానిటర్ మీద గీసిపెడతాయి. చెవిలో క్లిక్ పెట్టుకుని వాయించే పద్ధతీ ఉంది, అది ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. కానీ చెవిలో క్లిక్ పెట్టుకున్నవాడు తెర వైపు చూడటం మానేస్తాడు. అలా అయితే ట్రాక్ ఎక్కించి ఆడించుకుంటే పోలేదా, మనుషులెందుకు?

దెబ్బ ఎప్పుడన్నది తేలింది. ఎలాంటి దెబ్బ? యేల్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ అడెయిర్ బేస్‌బాల్ మీద ఒక పుస్తకమే రాశాడు. అవుట్‌ఫీల్డ్‌లో, అంటే వంద మీటర్ల అవతల నిలబడ్డ ఫీల్డర్ బంతి ఎంత దూరం వస్తుందో చప్పుడును బట్టి కూడా పసిగడతాడని ఆయన వాదన. బ్యాటు మీద స్వీట్ స్పాట్ అనే చోట తగిలితే బ్యాటు పెద్దగా కంపించదు, పొట్టిగా పదునైన 'ఠాప్' వినపడుతుంది. అటూ ఇటూ తగిలితే చెక్క వంగి ఊగుతుంది, మందమైన 'డబ్' వస్తుంది. ఈ తేడా మన వాద్యాల్లో ఎప్పటి నుంచో ఉంది. డప్పును నిప్పు సెగకు కాచి బిగించాక చిర్ర దెబ్బ ఒక రకం, చర్మం సల్లబడ్డాక ఇంకో రకం. కంజీరా మీద నీళ్లు చల్లితే అది లోతుగా గుమ్మంటుంది, ఆరితే పదునెక్కుతుంది. హద్దు దాటేలా కొట్టిన దెబ్బకు కాచిన డప్పు, పక్కకు జారిన దెబ్బకు తడి కంజీరా అని ముందే ఒప్పందం చేసుకుంటే, బంతి ఎక్కడ పడిందో చూపించే షాటు తీయకపోయినా ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. నిర్మాతకు ఒక రోజు షూటింగ్ ఆదా.

షూటింగ్ అన్నాను కనుక అమీర్‌పేట చుట్టుపక్కల గురించి రెండు మాటలు. పంజాగుట్ట చౌరస్తాలో సింక్ సౌండ్‌తో, అంటే షూటింగ్‌లోనే శబ్దం పడుతూ, సినిమా తీయడం వ్రతమే. పైన మెట్రో, మధ్యలో ఫ్లైఓవర్, కింద ఆర్టీసీ బస్సులు, హారన్లు. వాణిజ్య ప్రాంతంలో పగటిపూట 65 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తాయి. అక్కడ పది నిమిషాలు నిలబడినవారికి ఆ నిబంధన ఏ స్థితిలో ఉందో వేరే చెప్పక్కర్లేదు. మూకీకి ఇవేవీ పట్టవు. అంతమాత్రాన తలనొప్పి లేదని కాదు, అది చెవి నుంచి కంటికి మారుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలు. దాని మీద వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతాయి. మామూలు కంటికి తెలియదు. రాత్రిపూట కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద 24 ఫ్రేములతో, 1/48 సెకను షటర్‌తో తీస్తే ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వెలుగు పడి బొమ్మ మినుకుమంటుంది. షటర్‌ను 1/50 సెకనుకు మార్చితే ప్రతి ఫ్రేములో సరిగ్గా రెండు తరంగాలు పడతాయి, మినుకు పోతుంది. ఫిల్ము కెమెరావాళ్లు దీన్నే 172.8 డిగ్రీల షటర్ అంటారు. సెల్‌ఫోన్‌లో కూడా మాన్యువల్ మోడ్ పెట్టుకుని ఈ పని చేయవచ్చు.

ఇదంతా చదివి, మాటల్లేని సినిమా మనవాళ్లు చూస్తారా అని అడిగేవారుంటారు. 1987లో సింగీతం శ్రీనివాసరావు కమల్‌హాసన్‌తో తీసిన 'పుష్పక విమానము'ను చూశారు కదా. ఒక్క సంభాషణ లేకుండా అన్ని భాషలవాళ్లూ చూశారు. ఎల్. వైద్యనాథన్ సంగీతం దానికి వెన్నెముక. అయితే అది అచ్చమైన మూకీ కాదు. తలుపు చప్పుళ్లూ గడియారం చప్పుళ్లూ అన్నీ ట్రాక్ మీద శాశ్వతంగా అతికించి ఉన్నాయి, ఎన్నిసార్లు ఆడినా ఒకేలా. ఎదుట వాయించే సంగీతానికి ఆ భరోసా లేదు. ఈ రోజు ఆటలో తగిలిన బంతి రేపటి ఆటలో అదే ఫ్రేముల మీద తప్పిపోవచ్చు.

అందుకని ఎడిటింగ్ నేర్చుకుంటున్నవారికి చివరగా పనికొచ్చే లెక్క ఒకటి. దెబ్బ పడే షాటును నేరుగా బ్యాటు ఊపు మీద మొదలుపెట్టకండి. కట్ పడిన తర్వాత 200 మిల్లీసెకన్లలో, అంటే ఐదు ఫ్రేముల్లో బంతి తగిలేలా పెడితే ప్రపంచంలో ఏ వాద్యకారుడూ తెరను చూసి దాన్ని అందుకోలేడు, వరస కంఠస్థం చేయాల్సిందే. పిచర్ చెయ్యి వెనక్కి వెళ్లడం నుంచి దెబ్బ దాకా ఒకే షాటులో కనీసం ఒక సెకను, అంటే 24 ఫ్రేములు తెగకుండా ఉంచండి. వీలైతే 48 ఉంచండి. సెల్‌ఫోన్‌లో తీసిన గల్లీ క్రికెట్ క్లిప్పు ఏదైనా ఉంటే శబ్దం తీసేసి, ఈ రెండు రకాలుగానూ కత్తిరించి, వాయించడం వచ్చిన స్నేహితుడి ముందు ఆడించండి. మొదటిదానికి అతని చెయ్యి ఆలస్యంగా పడుతుంది, రెండోదానికి బంతితో పాటు పడుతుంది.